కోట మెట్లు ముందు, విస్కీ గ్లాసు తర్వాత
ప్రయాణాల శీర్షిక: ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్కాట్లండ్ గురించే. పిల్లలు ఎడిన్‌బరాలోనో గ్లాస్గోలోనో చదువుకుంటున్నారు, ఉద్యోగం చేస్తున్నారు; చూసిరావడానికి వెళ్లే అమ్మానాన్నలకు దొరికేది ఒక్క ఖాళీ రోజు. ఆ రోజులో విస్కీ తయారయ్యే చోటూ, పాత కోటలూ రెండూ కుదురుతాయా అని అడుగుతున్నారు. కుదురుతాయి, డిస్టిలరీ ఒక్కటే పెట్టుకుంటే.

ప్రశ్న: మా అమ్మాయి ఎడిన్‌బరాలో ఎమ్మెస్ చేస్తోంది. సెప్టెంబరులో ఇద్దరం వెళ్తున్నాం. మా వారికి విస్కీ ఎలా తీస్తారో చూడాలని, నాకు కోటలు చూడాలని. అమ్మాయికి ఒక్క శనివారమే ఖాళీ. స్పేసైడ్ వెళ్తే ఒక్క రోజులో నాలుగు డిస్టిలరీలు చూడొచ్చని ఎవరో చెప్పారట. నిజమేనా? (ఓ పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: నిజమే గానీ, వెళ్లకండి. ఎడిన్‌బరా నుంచి, డిస్టిలరీలు గుంపుగా ఉన్న స్పేసైడ్ ప్రాంతం నడిబొడ్డున ఉన్న డఫ్‌టౌన్‌కు కారులో మూడు గంటల పైనే పడుతుంది. రానూ పోనూ ఆరేడు గంటలు సీట్లోనే అయిపోతాయి. పైగా ఏ డిస్టిలరీకి వెళ్లినా మొదటి నలభై నిమిషాలు చూపించేది, చెప్పేది దాదాపు ఒకటే. మూడో చోటికి చేరేసరికి నాలుక మొద్దుబారి ఏ గ్లాసైనా ఒక్కలాగే ఉంటుంది. విస్కీకి పేరున్న ఐలా దీవి సంగతి మరీ దూరం: గ్లాస్గో నుంచి కెనక్రెయిగ్ రేవుకు రెండున్నర మూడు గంటల రోడ్డు, ఆపైన రెండు గంటల ఓడ. అక్కడికి కనీసం రెండు రాత్రులు పెట్టుకుని వెళ్లాలి.

మీకు సరిపోయేది స్టిర్లింగ్ కోట, డూన్ కోట, డీన్‌స్టన్ డిస్టిలరీ. ఎడిన్‌బరా నుంచి స్టిర్లింగ్ సుమారు 60 కిలోమీటర్లు. వేవర్లీ స్టేషన్లో రైలెక్కితే గంట లోపే దిగుతారు. స్టిర్లింగ్ నుంచి డూన్ 13 కిలోమీటర్లు. డూన్ కోట నుంచి టీత్ నది దాటి మైలు పైచిలుకు నడిస్తే డీన్‌స్టన్ డిస్టిలరీ వస్తుంది.

రోజు ఇలా వేసుకోండి. ఎనిమిదింటి ప్రాంతంలో రైలు. స్టిర్లింగ్ స్టేషన్ నుంచి కోటకు ఇరవై నిమిషాల నడక, అంతా ఎగుడే. మోకాళ్ల నొప్పులుంటే టాక్సీ మాట్లాడుకోండి. కొండ మీద డబ్బు ఆదా చేస్తే మిగతా రోజంతా కాళ్లు కక్కిస్తాయి. కోట తలుపులు తొమ్మిదిన్నరకు తీస్తారు. తీయగానే లోపలికి వెళ్తే టూరిస్టు బస్సులు వచ్చేలోపు గంటసేపు కోటంతా మీ సొంతమే. పన్నెండున్నరకు కిందికి దిగి కడుపునిండా తినండి. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక రైల్వే స్టేషన్ పక్కనే ఉన్న బస్టాండులో కాలండర్ అనే ఊరికి వెళ్లే బస్సు ఎక్కితే డూన్‌లో దించుతుంది. డూన్ కోటకు గంట చాలు. మూడింటికి డీన్‌స్టన్ టూరు; గంటా గంటంబావు పడుతుంది. చీకటి పడకముందే తిరుగు రైల్లో ఉంటారు.

డిస్టిలరీని చివర పెట్టమనడానికి కారణం ఉంది. ముక్కు బాగా పనిచేసేది పొద్దున పదకొండు గంటలకే, నిజమే. రుచి చూడటం ఒక్కటే పనైతే పొద్దున్నే వెళ్లమనేవాళ్లం. కానీ డూన్ కోటలో రాతి మెట్లు సుడి తిరిగి, అరిగి, ఒక పక్కకు జారుడుగా ఉంటాయి. మూడు గ్లాసులు పుచ్చుకుని ఆ మెట్లెక్కడం వద్దు.

పథకం ఎక్కడ చెడుతుందో కూడా చూసుకోండి. శనివారాల్లో టూరు సీట్లు ముందే నిండిపోతాయి. కాబట్టి ముందు డిస్టిలరీ సమయం బుక్ చేసి, మిగతా రోజును దాని చుట్టూ అల్లుకోండి. ఆదివారం బస్సులు తక్కువ. ఆ రోజైతే డూన్‌కు టాక్సీలో వెళ్లి, తిరుగు టాక్సీ కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. ఊరు చిన్నది, అప్పటికప్పుడు దొరకదు. చలికాలంలో డూన్ కోట నాలుగింటికే మూసేస్తారు, డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. అప్పుడు డూన్ ముందు, స్టిర్లింగ్ తర్వాత పెట్టుకోవాలి. కోటల టిక్కెట్లు గేటు దగ్గర కంటే ఆన్‌లైన్లో కాస్త తక్కువ. ఎడిన్‌బరా కోట, లిన్‌లిత్‌గో ప్యాలెస్ కూడా చూసే ఆలోచన ఉంటే నాలుగింటికీ కలిపి పనికొచ్చే ఎక్స్‌ప్లోరర్ పాస్ లెక్క చూసుకోండి.

గ్లాస్గోలో ఉన్నవాళ్లకు గ్లెన్‌గోయిన్ డిస్టిలరీ దగ్గర, ముప్పావు గంట కూడా పట్టదు. దానికో చమత్కారం ఉంది. హైలాండ్స్ (ఉత్తరపు కొండ ప్రాంతం), లోలాండ్స్ (దక్షిణపు పల్లపు ప్రాంతం) మధ్య గీత ఆ డిస్టిలరీ ముందున్న రోడ్డు మీదుగానే పోతుంది. విస్కీ రోడ్డుకు ఇటు హైలాండ్స్‌లో పుట్టి, అటు లోలాండ్స్ గిడ్డంగిలో ముదురుతుంది. లేబుల్ మీద మాత్రం హైలాండ్ అనే రాస్తారు.

ప్రశ్న: కారు అద్దెకు తీసుకుంటున్నాం. నడిపేది నేనే. టూరులో ఇచ్చే ఒక్క చిన్న పెగ్గు తాగి నడిపితే ఏమవుతుంది? (ఓ పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: తాగకండి. ఇంగ్లండ్‌లో 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాకా చట్టం ఊరుకుంటుంది. స్కాట్లండ్‌లో 2014 డిసెంబరు 5 నుంచి అది 50కి తగ్గింది. ఊపిరి పరీక్షలో 100 మిల్లీలీటర్లకు 22 మైక్రోగ్రాములు. లండన్‌లో ఉండే బంధువు చెప్పిన లెక్క ఇక్కడ పనికిరాదు.

డీన్‌స్టన్ సీసాలు చాలావరకు 46.3 శాతం. 25 మిల్లీలీటర్లు తాగితే అందులో అసలు ఆల్కహాల్ పదకొండున్నర మిల్లీలీటర్లు, అంటే బ్రిటన్ లెక్కలో ఒక యూనిట్‌కు కాస్త ఎక్కువ. ఒళ్లు గంటకు సుమారు ఒక యూనిట్ కరిగిస్తుంది. మూడు గ్లాసులైతే ఆ సాయంత్రానికి స్టీరింగ్ ముట్టుకోకూడదు. పట్టుబడితే కనీసం 12 నెలలు డ్రైవింగ్ నిషేధం, 5,000 పౌండ్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ఆ శిక్ష సంగతి తర్వాతి వీసా దరఖాస్తుల్లోనూ రాయాలి. ఒక్క గ్లాసు కోసం అంత రిస్కు దేనికి?

నడిపేవాళ్లు రుచి పోగొట్టుకోనక్కర్లేదు. బుక్ చేసేటప్పుడే డ్రైవర్ ఉన్నారని చెబితే, వాళ్ల వంతు విస్కీని చిన్న చిన్న సీసాల్లో పోసి ఇస్తారు. రాత్రి ఇంట్లో తీరిగ్గా తాగొచ్చు. ఇక లైసెన్సు సంగతి: మన లైసెన్సుతో అక్కడికి చేరిన రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు. మనలాగే ఎడమ పక్కనే కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: లోపల అసలేం చూపిస్తారు? గైడు ఇంగ్లీషు యాస అర్థం కాదని భయం. ముందే తెలిస్తే పట్టుకోగలను. (ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మన పేపర్లలో ‘బెల్లం ఊట ధ్వంసం’ అనే వార్త చూస్తుంటారు కదా. ఆ ఊట ఏమిటో తెలిసినవారికి సగం టూరు తెలిసినట్టే. బెల్లం బదులు బార్లీ, రేకు డబ్బా బదులు రాగి బట్టీ, రాత్రికి రాత్రి అమ్మేయడం బదులు ఓక్ పీపాలో ఏళ్ల తరబడి నిద్ర.

మొదట బార్లీని నానబెట్టి మొలకెత్తించి ఆరబెడతారు, దాన్నే మాల్ట్ అంటారు. ఇళ్లలో రాగులతో చేసే పనే. మొలకెత్తితేనే గింజలో పిండిని తీపిగా మార్చే ఎంజైములు పుడతాయి. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లు పేరుకుని గట్టిపడిన నాచూ గడ్డీ. దాన్ని మండించి ఆ పొగలో ఆరబెడితే ఐలా విస్కీల పొగ వాసన వస్తుంది. డీన్‌స్టన్‌లో ప్రధానంగా వాడేది పొగ పెట్టని మాల్ట్. ఈ మొలకల పని డిస్టిలరీలో కనబడదు. ఈ రోజుల్లో చాలావాటికి మాల్ట్ బయటి నుంచే లారీల్లో వస్తుంది.

తర్వాత మర. పిండి ఆడించేటప్పుడు ఒక లెక్క పాటిస్తారు: పొట్టు సుమారు 20 పాళ్లు, రవ్వ 70, మెత్తని పిండి 10. మెత్తదనం ఎక్కువైతే తొట్టి అడుగున ఉన్న జల్లెడ బిగుసుకుపోయి ద్రవం దిగదు. బరక ఎక్కువైతే తీపి గింజలోనే ఉండిపోతుంది. పొట్టు అడుగున పరుచుకుని వడపోత గుడ్డలా పనిచేస్తుంది. గైడు చిన్న పెట్టెలో మూడు అరలుగా జల్లించి చూపిస్తే దగ్గరికెళ్లి చూడండి, వేళ్లతో నలపండి.

ఈ పిండిని మాష్ టన్ అనే పెద్ద తొట్టిలో వేడినీళ్లతో కలుపుతారు. డీన్‌స్టన్ తొట్టి పోత ఇనుముది, పైమూత లేనిది, ఒక్కోసారికి పది టన్నుల పైచిలుకు పడుతుంది. ఇలాంటి మూతలేని తొట్లు ఇప్పుడు అరుదు. మొదటి నీళ్లు 64 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఇంకా వేడైతే ఎంజైములు చచ్చిపోయి పిండి పిండిగానే మిగులుతుంది. రెండో నీళ్లు, మూడో నీళ్లు ఇంకా వేడిగా పోసి మిగిలిన తీపినంతా కడుగుతారు. మూడో నీళ్లలో తీపి పలచన. దాన్ని పారబోయకుండా తర్వాతి విడతకు మొదటి నీళ్లుగా వాడతారు. బియ్యం కడుగు పారబోయని ఇంటి ఇల్లాలి లెక్కే. ఆ గదిలో అడుగు పెట్టగానే హార్లిక్స్ వాసన వస్తుంది.

తీపి ద్రవాన్ని చల్లార్చి ఈస్ట్ కలిపితే ఊట పులుస్తుంది. కొన్నిచోట్ల రెండు రోజుల్లో ముగిస్తారు. డీన్‌స్టన్‌లో 80 గంటలు దాటనిస్తారు. ఎక్కువసేపు పులిస్తే పళ్ల వాసనలు పెరుగుతాయి. పులిసిన ఊట 8 శాతం దగ్గర, గట్టి బీరులా ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: గైడు తొట్టి మూత తీసి వాసన చూడమంటే తల లోపలికి పెట్టకండి. పైన పేరుకున్నది కార్బన్ డయాక్సైడ్. ముక్కులోకి సూదులు గుచ్చినట్టుంటుంది, కళ్లు తిరుగుతాయి. చేత్తో విసురుకుని చూస్తే చాలు.

ఇక రాగి బట్టీలు. రెండుసార్లు కాస్తారు. మొదటి బట్టీ నుంచి 20–25 శాతం ద్రవం, రెండో దాని నుంచి అసలు సరుకు. రెండోసారి దిగే ధారను మూడు ముక్కలు చేస్తారు. తొలి ధార ఘాటు, పెయింట్ థిన్నర్ వాసన. చివరి ధార తడిసిన తోలు కంపు. మధ్య ధార, సుమారు 75 శాతం నుంచి 60కి దిగేదాకా ఉన్నది మాత్రమే పీపాకు పోతుంది. ముందూ వెనకా తీసినవి పారబోయరు, తర్వాతి విడతలో కలిపి మళ్లీ కాస్తారు. ఈ మలుపు ఎక్కడ తిప్పాలో నిర్ణయించేది బట్టీ దగ్గర నిలబడ్డ మనిషి. ధారను చేత్తో ముట్టుకునే వీలు ఆయనకు లేదు. అద్దాల ఇత్తడి పెట్టెలోంచి చూసి, బయటి పిడులు తిప్పి మళ్లిస్తాడు. పన్ను ఎగ్గొట్టి ఒక చెంబు పక్కకు తీసుకోకుండా ఆ పెట్టెకు సర్కారు తాళం వేయించేది. రాగే ఎందుకంటే, ఆవిరిలోని గంధకపు కంపును రాగి పట్టేస్తుంది. స్టీలుతో చేస్తే ఉడికిన క్యాబేజీ వాసన మిగులుతుంది. అలా పట్టీ పట్టీ రాగి అరిగిపోతుంది, బట్టీ ముక్కలను కొన్నేళ్లకోసారి మార్చాల్సిందే.

ఆ గదిలో ఫోన్ ఆపమంటారు. మర్యాద కోసం కాదు. గాల్లో ఆల్కహాల్ ఆవిరి ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. ఫోటో ఎక్కడ తీసుకోవచ్చో గైడే చెబుతారు.

డీన్‌స్టన్‌లో అసలు చూడాల్సింది చివరన ఉంది: గిడ్డంగి. ఈ డిస్టిలరీ 1785లో కట్టిన నూలు మిల్లు. టీత్ నది నీటితో హెర్క్యులీస్ అనే భారీ చక్రం తిప్పి నడిపేవారు. ఇప్పుడూ ఆ నది నీళ్లతోనే టర్బైన్లు తిప్పి కరెంటు తీసుకుంటున్నారు. మిల్లు నడిపింది జేమ్స్ ఫిన్లే కంపెనీ. మున్నార్ తేయాకు తోటల దగ్గర టాటా ఫిన్లే పేరు విన్నవారికి ఆ ఫిన్లే ఇదే. 1965లో మిల్లు మూతపడ్డాక డిస్టిలరీగా మార్చారు. పీపాలు పెట్టిన కమానుల గది అప్పటి నేత సాల. పొడిగాలికి నూలు పోగు పుటుక్కున తెగుతుంది, అందుకే లోపల చెమ్మ నిలిచేలా కట్టారు. మన నేతగాళ్లు మగ్గాన్ని గుంతలో దించింది కూడా కొంత ఆ చెమ్మ కోసమే. నూలు కోసం కట్టిన మందపాటి కమానులు, ఏడాది పొడుగునా మారని చల్లదనం ఇప్పుడు పీపాలకు అక్కరకొచ్చాయి.

పీపాలో సాధారణంగా 63.5 శాతం దగ్గర నింపుతారు. స్కాచ్ అనాలంటే స్కాట్లండ్‌లోనే, 700 లీటర్లు మించని ఓక్ పీపాలో, కనీసం మూడేళ్లు ఉండాలి. చాలా పీపాలు అమెరికాలో బోర్బన్ అనే అక్కడి విస్కీ దించి పంపినవి. అక్కడి చట్టం ప్రకారం బోర్బన్‌కు కొత్త పీపా కావాలి కాబట్టి, వాడినవి ఇటు చవగ్గా వస్తాయి. ఏటా రెండు శాతం దాకా గాల్లో కలిసిపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. బెంగళూరు వేడికి అదే పది శాతం పైనే. అందుకే మన దేశపు మాల్ట్ విస్కీలు నాలుగైదేళ్లకే సీసాకెక్కుతాయి.

ప్రశ్న: నాకు తాగుడు అలవాటు లేదు. బాబుకు ఆరేళ్లు. మా వారితో లోపలికి వెళ్లొచ్చా? పైగా మేం శాకాహారులం. (ఓ పాఠకురాలు, బెంగళూరు)

జవాబు: మీరు వెళ్లొచ్చు. తాగకుండా టూరు చేసేవాళ్లు చాలామంది ఉంటారు, ఎవరూ వింతగా చూడరు. బాబు సంగతే అనుమానం. చాలాచోట్ల ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని యంత్రాల భాగంలోకి రానివ్వరు, కొన్ని టూర్లు పద్దెనిమిది నిండినవారికే. బుక్ చేసేముందే అడగండి. ఆ గంటసేపు మీరూ బాబూ డూన్ కోటలో ఉండటం మేలు. వాడికి బట్టీల కంటే బురుజులే ఇష్టమవుతాయి. చెప్పులు కాకుండా మడమ కట్టు ఉన్న చదునైన బూట్లు వేసుకోండి, లోపలి మెట్లు ఇనుప జాలీవి. భోజనానికి స్టిర్లింగ్‌లో ఇబ్బంది లేదు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులతో చేసే హాగిస్ అనే స్కాట్లండ్ వంటకానికి పప్పులు, ఓట్స్‌తో చేసే శాకాహార రూపం ఉంది, మెనూలో వెతకండి. మిరియాల కారం తగులుతుంది, బాగుంటుంది.

ప్రశ్న: రుచి చూసేటప్పుడు సోడా, ఐస్ అడిగితే నవ్వుతారా? పెగ్గు అంటే వాళ్లకు అర్థమవుతుందా? అల్లుడితో కలిసి వెళ్తున్నాను, ముందే తెలుసుకుంటే మర్యాద దక్కుతుంది. (ఓ మామగారు, తెనాలి)

జవాబు: నవ్వరు గానీ టూరులో ఐస్ ఉండదు. చల్లదనం వాసనను కట్టేస్తుంది, మీరు వెళ్లిందే వాసన కోసం. పక్కన చిన్న కూజాలో నీళ్లు పెడతారు. ముందు నీళ్లు లేకుండా, గ్లాసును ముక్కుకు అంగుళం దూరంలో ఉంచి, నోరు కొంచెం తెరిచి వాసన చూడండి. ముక్కు లోపలికి దూర్చి గట్టిగా పీల్చారో, పది నిమిషాలు ఇంకేం తెలియదు. ఒక చిన్న గుక్క నాలుక మీద తిప్పి మింగాక, అర చెంచా నీళ్లు కలిపి మళ్లీ చూడండి. కొన్ని విస్కీలు నీళ్లతో విచ్చుకుంటాయి, కొన్ని చప్పబడతాయి. ఎక్కువ కలిపితే వెనక్కి తీసుకోలేం, కాబట్టి చుక్కలతో మొదలుపెట్టండి. నచ్చకపోతే ఉమ్మేయడానికి, మిగిల్చేయడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

పబ్‌లో పెగ్గు అనకండి, డ్రామ్ అనండి. మన చిన్న పెగ్గు 30, పెద్దది 60. అక్కడ కొలత 25 లేదా 35 మిల్లీలీటర్లు. ఏది పోస్తారో బోర్డు మీద ఉంటుంది. మొదటి రోజు గ్లాసు చూసి, ఇంతేనా అనిపిస్తుంది. అల్లుడి దగ్గర మొహమాటానికి మాత్రం మా దగ్గర మందు లేదు.

ప్రశ్న: స్కాట్లండ్ కోటలకూ విస్కీకీ చరిత్రలో ఏమైనా సంబంధం ఉందా, లేక టూరిస్టుల కోసం కలిపి అమ్ముతున్నారా? (ఓ చరిత్ర టీచరు, నల్లగొండ)

జవాబు: సంబంధం ఉంది, అదీ స్టిర్లింగ్ కోటతోనే. స్కాచ్ గురించి దొరికిన మొదటి లిఖిత ఆధారం 1494 నాటి రాజు గారి ఖజానా లెక్క. ఫ్రయర్ జాన్ కోర్ అనే సన్యాసికి ‘ఆక్వా విటే’ (లాటిన్‌లో జీవజలం, అంటే బట్టీ పట్టిన సారా) తీయడానికి ఎనిమిది బోల్‌ల మాల్ట్ ఇచ్చినట్టు అందులో ఉంది. బోల్ అప్పటి ధాన్యపు కొలత. అప్పటి రాజు నాలుగో జేమ్స్. ఆ సన్యాసిది ఫైఫ్ ప్రాంతంలోని లిండోర్స్ మఠం అంటారు. శిథిలాల పక్కనే 2017లో కొత్త డిస్టిలరీ పెట్టారు.

అదే రాజు స్టిర్లింగ్ కోటలో జాన్ డామియన్ అనే ఇటాలియన్ రసవాదిని పోషించాడు. బంగారం చేస్తానని ఆయన కొలిమిలో పోసిన ఆక్వా విటే ఖర్చులూ ఖజానా లెక్కల్లో ఉన్నాయి. బంగారం రాలేదు. 1507లో ఈకల రెక్కలు కట్టుకుని ఫ్రాన్స్ దాకా ఎగిరిపోతానని కోట గోడ మీంచి దూకాడని తర్వాతి తరం బిషప్ ఒకరు రాశారు. కింద పడి తొడ ఎముక విరిగింది. తప్పు తనది కాదన్నాడట: రెక్కల్లో కోడి ఈకలు కలిశాయి, వాటి మనసు ఆకాశం మీద ఉండదు, పెంటకుప్ప మీదే ఉంటుంది అని. కోట గోడ మీద నిలబడి కిందికి చూసినప్పుడు ఆ వివరణ ఇంకా బాగుంటుంది.

కోటలో మూడు చోట్ల నిలబడండి. నాలుగో జేమ్స్ కట్టించిన గ్రేట్ హాల్‌ది పసుపు బంగారు రంగు సున్నపు పూత. చుట్టూ బూడిద రాయి మధ్య అది కొత్తగా వేసినట్టుంటుంది గానీ పాత పూత ఆనవాళ్లు చూసే వేశారు. ఐదో జేమ్స్ ప్యాలెస్‌లో పైకప్పు నిండా మీటరు వెడల్పు ఓక్ చెక్క ముఖాలున్నాయి. కప్పు మీద రంగులతో ఉన్నవి నకళ్లు. అసలువి పై అంతస్తు గదుల్లో కళ్లెదురుగా పెట్టారు, అక్కడికి చాలామంది వెళ్లరు. మూడోది తూర్పు, ఉత్తర గోడలు. అక్కణ్నుంచి 1297 సెప్టెంబరు 11న విలియం వాలెస్, ఆండ్రూ మరే ఇంగ్లీషు సైన్యాన్ని చిత్తు చేసిన వంతెన చోటు, దూరంగా వాలెస్ స్తంభం కనిపిస్తాయి. ఇప్పుడున్న రాతి వంతెన అప్పటిది కాదు, అప్పటిది చెక్కది. స్తంభానికి 246 మెట్లు. మన పథకంలో దానికి సమయం లేదు, గోడ మీంచే చూసి సరిపెట్టుకోవాలి.

డూన్ కోట కట్టించింది రాజు కాదు, అధికారం చేతిలో పెట్టుకున్న రాజు గారి తమ్ముడు. 14వ శతాబ్దం చివర్లో రాబర్ట్ స్టువర్ట్, ఆల్బనీ డ్యూక్, అన్నగారి పేరున రాజ్యం నడుపుతూ కట్టుకున్నాడు. గదులు ఖాళీ, సామాను లేదు. అందుకే కట్టడం బాగా అర్థమవుతుంది. వంటగది తప్పకుండా చూడండి. ఐదున్నర మీటర్ల వెడల్పు పొయ్యి, దాని ఎదురుగా గోడలో వడ్డన కిటికీలు. ఆ పొయ్యిలో నిలబడి పైకి చూస్తే ఆకాశం కనిపిస్తుంది.

కోట నుంచి డీన్‌స్టన్‌కు నడిచేటప్పుడు దాటే టీత్ వంతెన 1535లో కట్టింది. కట్టించింది రాజు కాదు, రాణి గారి దర్జీ రాబర్ట్ స్పిట్టల్. డబ్బు సంచి ఇంట్లో మరిచాడని పడవవాడు ఎక్కించుకోలేదట. వాడి బేరం పోవాలని వంతెనే కట్టించాడని ఊళ్లో చెప్పుకుంటారు.

ఇక పన్ను. దొంగసారా కొండల్లో ఎక్కువ కావడంతో 1823లో చట్టం మార్చి, 10 పౌండ్లకు లైసెన్సు, కనీసం 40 గ్యాలన్ల బట్టీ అన్నారు. సుంకమూ బాగా తగ్గించారు. దొంగతనం కంటే లైసెన్సు లాభమైంది. ఇప్పుడున్న పెద్ద పేర్లలో చాలా వాటి పుట్టుక ఆ ఏళ్లలోనే.

ప్రశ్న: వస్తూ ఎన్ని సీసాలు తేవచ్చు? అక్కడ చవకా? మేం ఢిల్లీ మీదుగా విజయవాడ చేరాలి. (ఓ పాఠకుడు, గుంటూరు)

జవాబు: సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లు. చిక్కు ఇక్కడే వస్తుంది: బ్రిటన్ సీసా 700 మిల్లీలీటర్లు. మూడు తెస్తే 2.1 లీటర్లు, వంద మిల్లీలీటర్లు మించినట్టు. రెండు మామూలు సీసాలు, ఒక అర లీటరు సీసా తెస్తే 1.9. ఎవరి లెక్క వారిది, భార్యాభర్తలు సీసాలు విడివిడిగా పెట్టుకోండి.

అక్కడ చవక కాదు. బ్రిటన్‌లో ఎక్సైజు, దాని మీద 20 శాతం వ్యాట్ ఉంటాయి. పర్యాటకులకు వ్యాట్ వెనక్కి ఇచ్చే పద్ధతి 2021 జనవరి నుంచి లేదు. ప్రతి షాపులోనూ దొరికే 12 ఏళ్ల సీసా డిస్టిలరీలో కొని మోయడం దండగ, అది ఎయిర్‌పోర్టులో తీసుకోండి. డిస్టిలరీలో కొనాల్సింది అక్కడ తప్ప దొరకనిది. పీపా నుంచి మీ చేత్తోనే సీసాలో పట్టుకునేది ఉంటే అది.

24 నుంచి 70 శాతం మధ్య ఉన్నవి చెక్-ఇన్ సామానులో మనిషికి ఐదు లీటర్ల దాకా, సీలు తీయకుండా పెట్టొచ్చు. 70 దాటితే విమానం ఎక్కనివ్వరు. బిరడా చుట్టూ టేపు వేసి, జిప్ కవరులో పెట్టి, మేజోడులోకి దూర్చి, పెట్టె మధ్యలో బట్టల నడుమ ఉంచండి. పెట్టె అంచున పెడితే పగిలేది అక్కడే. డ్యూటీ ఫ్రీలో కొన్నదైతే సీలు సంచి, రసీదు ఇంటికి చేరేదాకా విప్పకండి. ఢిల్లీలో కస్టమ్స్ దాటాక మీది దేశీయ విమానం, చేతి సంచిలో సీసా ఒప్పుకోరు. పెట్టెను మళ్లీ అప్పగించే ముందే దాన్ని లోపల సర్దేయండి. సెక్యూరిటీ దగ్గర గుర్తొస్తే ఆలస్యమైనట్టే.

ప్రశ్న: ఏ నెల మంచిది? (ఓ పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: మే, జూన్, సెప్టెంబరు. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురు. జూలై, ఆగస్టుల్లో కొన్ని డిస్టిలరీలు మరమ్మతులకని కొన్ని వారాలు బట్టీలు ఆపేస్తాయి. టూరు నడుస్తుంది గానీ బట్టీలు చల్లగా, తొట్లు ఖాళీగా ఉంటాయి. హార్లిక్స్ వాసన లేకపోతే సగం సరదా లేనట్టే. ఆ వారాలేవో బుక్ చేసేముందు మెయిల్ రాసి అడగండి. వాన మాత్రం ఏ నెలలోనైనా పడుతుంది. గొడుగు కంటే టోపీ ఉన్న కోటు నయం, కోట మీద గాలికి గొడుగు తిరగబడుతుంది.

ప్రశ్న: మా నాన్నగారు 2003లో కొన్న 12 ఏళ్ల స్కాచ్ సీల్ తీయకుండా బీరువాలో ఉంది. ఇప్పుడది ముప్పై ఏళ్లు దాటినట్టేనా? (ఓ పాఠకుడు, సిద్దిపేట)

జవాబు: కాదు. ఇవాళ్టికీ పన్నెండేళ్లదే. వయసు చెక్క పీపాలో మాత్రమే పెరుగుతుంది. గాజులోకి రాగానే ఆగిపోతుంది. ఆ 12 కూడా అందులో కలిపిన విస్కీల్లో అన్నిటికంటే చిన్నదాని వయసు. సీసా పడుకోబెట్టి ఉంటే ఇప్పుడే నిలబెట్టండి. వైన్‌లా కాదు, ఇంత ఘాటు ద్రవం బిరడాను కొరికి పొడి చేస్తుంది. తెరిచేటప్పుడు బిరడా విరిగితే కంగారు పడకండి, టీ వడగట్టే జాలీలో వంపి వేరే శుభ్రమైన సీసాలో పోసుకోండి. తెరిచాక సగానికి దిగిందంటే ఏడాదిలోపు పూర్తిచేయండి. ఖాళీ భాగంలో గాలి పెరిగేకొద్దీ రుచి పలచబడుతుంది.